కట్టు తెగదు, వదులవుతుంది: మోటార్ సైకిల్‌ను లారీలో నిలబెట్టడం వెనక ఉన్న లెక్క

లారీలోనో ట్రైలర్‌లోనో ఎక్కించిన మోటార్ సైకిల్ దారిలో ఒరిగి పడిపోయిందనుకోండి. వెనక తలుపు తీసి చూస్తే తెగిన తాడు కనిపించడం అరుదు. తాడు నిక్షేపంగా ఉంటుంది. దాని చివరి కొక్కెం రింగులోంచి జారి నేల మీద పడి ఉంటుంది, లేదా ముడి దగ్గర తాడు జానెడు సాగి ఉంటుంది. అయినా చాలామంది ఆ తర్వాత చేసే మొదటి పని మరింత లావు తాడు కొనడం. రోగమొకటి, మందొకటి. ప్రయాణం పొడవునా తాడులో నిలిచి ఉండే బిగువే బండిని నిలబెడుతుంది. ఆ బిగువు ఎక్కడ పుడుతుందో, ఎందుకు పోతుందో అర్థమైతే ఎక్కడ కట్టాలి, ఎంత బిగించాలి, ఎన్ని పట్టీలు వాడాలి అన్న తర్జనభర్జనలు చాలావరకు తీరిపోతాయి.

బీరువానో ఫ్రిజ్‌నో లారీలో కట్టడం తేలిక. వాటికి వెడల్పాటి అడుగు ఉంటుంది, గోడకు ఆనించవచ్చు, ఒకసారి బిగించాక వాటి ఎత్తు మారదు. మోటార్ సైకిల్‌కు ఈ మూడింటిలో ఒక్కటీ లేదు. అది నేలను తాకేది టైర్ల కింద అరచేయి కన్నా చిన్నవైన రెండు చోట్ల మాత్రమే. బరువుకేంద్రం నేలకు దాదాపు అర మీటరు పైన ఉంటుంది. అన్నిటికీ మించి, చక్రాలకూ చాసిస్‌కూ నడుమ స్ప్రింగులున్నాయి. మనం పట్టీలు తగిలించేది సాధారణంగా స్ప్రింగుల పైన ఉన్న భాగానికి. లారీ గతుకులో పడినప్పుడల్లా ఆ భాగం లారీ నేలకు కాస్త దగ్గరవుతుంది, మళ్లీ దూరమవుతుంది. అలా కదిలే దాన్ని పొడవు మారని పట్టీతో పట్టి ఉంచాలి. చిక్కంతా ఇక్కడే ఉంది.

ఎంత బలానికి సిద్ధపడాలి

సరుకు రవాణా నిబంధనలు దీనికి ఒక కొలత పెట్టుకున్నాయి. అమెరికా నిబంధనల ప్రకారం సరుకును పట్టి ఉంచే ఏర్పాటు ముందు వైపు గురుత్వ త్వరణంలో 0.8 వంతు, వెనక వైపు 0.5 వంతు, పక్కలకు 0.5 వంతు తట్టుకోవాలి. ఐరోపా ప్రమాణమైన ఈఎన్ 12195 కూడా రోడ్డు ప్రయాణానికి ఇంచుమించు ఇవే అంకెలు వాడుతుంది. లారీ డ్రైవరు అదాటున బ్రేకు తొక్కితే సరుకు తన బరువులో 80 శాతం బలంతో ముందుకు ఉరకబోతుందనీ, మలుపులో సగం బరువంత బలంతో పక్కకు తోసుకుంటుందనీ దీని అర్థం.

180 కిలోల బండిని తీసుకుందాం. బ్రేకు పడితే ముందుకు 144 కిలోల తోపు, మలుపులో పక్కకు 90 కిలోల తోపు. ఈ పక్క తోపే బండిని పడేసేది కాబట్టి దాని దగ్గర కాస్త ఆగాలి. బరువుకేంద్రం 55 సెంటీమీటర్ల ఎత్తున ఉందనుకుంటే, పట్టీని 80 సెంటీమీటర్ల ఎత్తున కట్టినప్పుడు అక్కడ అడ్డంగా 62 కిలోల బలం ఉంటే బండి ఒరగదు. అదే పట్టీని 40 సెంటీమీటర్ల ఎత్తున కడితే 124 కిలోలు కావాలి. కట్టు ఎత్తు సగమైతే భారం రెట్టింపు. కింద ఫుట్‌రెస్టుకు కట్టి ‘గట్టిగానే కట్టాం’ అనుకునేవారు ఈ లెక్కను ఒకసారి చూసుకోవాలి.

ఇంతటితో అయిపోలేదు. పట్టీ అడ్డంగా ఉండదు. పైనుంచి నేల మీది రింగు దాకా ఏటవాలుగా దిగుతుంది. నేలతో 45 డిగ్రీల కోణంలో, ముందుకూ పక్కకూ సమానంగా లాగేలా కడితే పట్టీలోని బిగువులో సరిగ్గా సగమే పక్క తోపును ఎదుర్కొంటుంది. మిగిలినదంతా బండిని కిందికీ ముందుకూ లాగడానికి పోతుంది. అంటే అడ్డంగా 62 కిలోలు రావాలంటే పట్టీలో 124 కిలోల బిగువు ఉండాలి. రింగులు బండికి మరీ దగ్గరగా ఉండి పట్టీ దాదాపు నిలువుగా దిగితే ఈ సగం కూడా మిగలదు. ఇరుకు ట్రైలర్లలో, ఎంత బిగించినా బండి ఊగుతూనే ఉండటానికి కారణం ఇదే.

124 కిలోలు పెద్ద సంగతేమీ కాదు. అంగుళం వెడల్పున్న మంచి పాలియెస్టర్ రాచెట్ పట్టీకే (మీటను ఆడిస్తూ పళ్ల చక్రంతో బిగించేది) పని భారం, అంటే నిశ్చింతగా మోపదగిన బరువు, 200 కిలోలకు పైగా ఉంటుంది. తెగే భారం దానికి మూడింతలు. కాబట్టి పట్టీ తెగుతుందన్న బెంగ అక్కర్లేదు. అసలు చూడాల్సింది రెండో వైపు. బండి ఎడమకు ఒరగబోతే కుడి పట్టీ బిగుస్తుంది, ఎడమ పట్టీ అంతే మేరకు వదులవుతుంది. రెండింటిలోనూ ముందే 62 కిలోల చొప్పున బిగువు ఉంటే, 90 కిలోల తోపు వచ్చినప్పుడు కుడి పట్టీ 124కు చేరుతుంది, ఎడమది సున్నాకు దిగుతుంది, అంతే. మొదటి బిగువు 40 కిలోలే అయితే ఎడమ పట్టీ అంతకు ముందే పూర్తిగా వదులైపోతుంది. వదులైన పట్టీ చివర ఉన్న కొక్కెం, లారీ అదే క్షణంలో మరో గతుకులో పడితే, రింగులోంచి తప్పుకుంటుంది. తిరిగి ఎడమకు మలుపు వచ్చినప్పుడు బండిని ఆ వైపు నుంచి పట్టుకోవడానికి ఏమీ మిగలదు.

స్ప్రింగును నమ్ముకోవాలా, తప్పించాలా

ఆ మొదటి బిగువు ఎక్కడి నుంచి వస్తుంది? పట్టీ స్వయంగా పెద్దగా సాగదు. పాలియెస్టర్ పట్టీ తన పని భారం దగ్గర కూడా 7 శాతానికి మించి సాగకూడదని ఐరోపా ప్రమాణం. మనం వాడే బిగువులో సాగేది ఇంకా తక్కువ. బిగువును దాచి ఉంచేది బండి ముందు ఫోర్క్‌లోని, అంటే ముందు చక్రాన్ని పట్టుకునే జంట గొట్టాల్లోని, స్ప్రింగులు. రాచెట్‌ను తిప్పుతున్న కొద్దీ ఫోర్క్ కిందికి అణుగుతుంది, ఆ స్ప్రింగు పైకి లేవాలని చూస్తుంది, పట్టీ బిగుసుకుంటుంది. మామూలు రోడ్డు బండికి రెండు ఫోర్క్ గొట్టాలూ కలిపి మిల్లీమీటరుకు సుమారు ఒకటిన్నర కిలోల గట్టిదనం ఉంటుందనుకోండి. 50 మిల్లీమీటర్లు అణచితే పట్టీలు కిందికి లాగే బలం మొత్తం 75 కిలోలు. ఒక్కో పట్టీకి నిలువుగా 37, ఏటవాలు పట్టీలో బిగువు 53 కిలోలు.

ఇందాకటి 62తో పోల్చితే 53 చాలదు. అందుకే ముందు రెండు పట్టీలతో సరిపెట్టే అలవాటు మంచిది కాదు. వెనక రెండు పట్టీలు కూడా ఉంటే పక్క తోపును నాలుగూ పంచుకుంటాయి, లెక్క హాయిగా సరిపోతుంది. పైగా వెనక కట్టకపోతే బండి ముందు చక్రాన్ని ఇరుసుగా చేసుకుని తోక ఊపుతుంది. వెనక టైరు ఒక్కో కుదుపుకు వేలెడంత జరిగి చివరికి ముందు పట్టీల కోణాన్నే మార్చేస్తుంది.

ఇప్పుడు కుదుపు సంగతి. ముందు చక్రం మీద స్ప్రింగుల ద్వారా పడే బరువు 80 కిలోలనుకుందాం. లారీ గతుకులో దిగి పైకి లేచేటప్పుడు ఆ బరువు ఒక్క క్షణం రెట్టింపైనట్టు ఫోర్క్‌కు తెలుస్తుంది. అదనంగా వచ్చిన 80 కిలోలు ఫోర్క్‌ను మరో 50 మిల్లీమీటర్ల పైచిలుకు అణచబోతాయి. పట్టీలలో మనం దాచుకున్నది 75 కిలోలే. ఆ క్షణానికి పట్టీలు వదులు. కొక్కేనికి నాలుక (నోటిని మూసి ఉంచే స్ప్రింగు రేకు) లేకపోతే జారిపోయేది సరిగ్గా ఇప్పుడే. ఈ లెక్క ముతకదే, ఫోర్క్‌లోని నూనె ఆ కదలికను కొంత నెమ్మదిస్తుంది, కానీ దిశ స్పష్టం: మరీ తక్కువగా అణచిన ఫోర్క్ బండిని పట్టి ఉంచలేదు.

అలాగని అడుగు దాకా అణచేస్తే సరిపోతుందా? అక్కడ రెండు బాధలున్నాయి. ఫోర్క్ అడుగుకు తాకాక గతుకు దెబ్బను స్ప్రింగు తీసుకోదు; అది నేరుగా చాసిస్‌కూ, హ్యాండిల్ బేరింగులకూ, పట్టీలకూ, రింగులకూ వెళుతుంది. రెండోది, ఫోర్క్‌లోని నూనె బయటికి రాకుండా ఆపే సీళ్లు పోతాయన్న భయం. ఈ రెండో భయాన్ని జనం కాస్త పెద్దది చేశారనే నా అభిప్రాయం. మామూలు ప్రయాణంలో ఫోర్క్ వేలసార్లు లోతుగా అణుగుతూనే ఉంటుంది. కొన్ని గంటలు అణగి ఉన్నంత మాత్రాన సీలు చిరగదు. ఫోర్క్ గొట్టం మీద ఎండిన బురద, ఇసుక ఉండగా అణచి, అదే స్థితిలో గంటల తరబడి ఊపితే మాత్రం ఆ ఇసుకే సీలును కొరుకుతుంది. కట్టే ముందు గొట్టాలను తుడవడం అర నిమిషం పని. వారాల పాటు అలాగే బిగించి వదిలేయడం మాత్రం వద్దు.

మామూలు రోడ్డు బండి ఫోర్క్‌కు 120 మిల్లీమీటర్ల ప్రయాణం ఉంటే, బండి సొంత బరువుకే దాదాపు 30 పోతుంది. మిగిలిన 90లో సుమారు సగం వరకూ అణచడం సబబు. టేపు అక్కర్లేదు: ఫోర్క్ గొట్టానికి సన్నని దారం చుట్టి, బిగిస్తూ అది సీలు దగ్గరికి ఎంత చేరిందో చూసుకోవచ్చు.

స్ప్రింగును నమ్ముకోకుండా పూర్తిగా తప్పించే దారి కూడా ఉంది. చక్రాలూ ఇరుసులూ స్ప్రింగుకు కింద ఉండే భాగాలు. వాటిని నేలకు కడితే సస్పెన్షన్ తన పని తాను చేసుకుంటుంది, కట్టు బిగువు మారదు. ఫ్యాక్టరీ నుంచి చెక్క, ఇనుప చట్రాల్లో వచ్చే కొత్త బండ్లలో చాలావాటికి ముందు చక్రం తీసేసి, ఇరుసు చోటునే చట్రానికి బోల్టు వేసి పంపడం మీరు చూసే ఉంటారు. టైరు మీదుగా అడ్డంగా వేసే చక్రపు పట్టీలది కూడా ఇదే సూత్రం. వీటి బలహీనత ఒక్కటే: నేల దగ్గర పట్టుకున్న చక్రం జరగదు గానీ, పైన ఉన్న బరువు ఒరగబోతే దాన్ని ఆపే ఎత్తు వీటికి లేదు. అందుకే చక్రానికి ఇరుపక్కలా ఒరుసుకుని నిలబెట్టే గట్టి స్టాండు తోడుంటే తప్ప ఈ పద్ధతి ఒక్కటే చాలదు. నన్నడిగితే రెండూ కలపడమే ఉత్తమం: ముందు చక్రం నేలకు బిగించిన స్టాండులో, పైన ముందు పట్టీలు మితమైన బిగువుతో, వెనక చక్రం నేలకు కట్టి, చాసిస్‌కు వెనక పట్టీలు.

మట్టి దారుల బండ్లవాళ్లు మరో ఉపాయం వాడతారు. ముందు టైరుకూ దానిపై ఎత్తుగా ఉన్న మడ్‌గార్డుకూ మధ్య ఒక దిమ్మె పెట్టి, ఆపైన పట్టీలు లాగుతారు. దిమ్మె ఉన్నంతసేపు ఫోర్క్ అంతకన్నా అణగదు, కాబట్టి పట్టీ వదులవదు. పొడవాటి సస్పెన్షన్ ఉన్న బండ్లకు ఇది మంచి ఏర్పాటు. మడ్‌గార్డు టైరును అంటిపెట్టుకుని ఉండే రోడ్డు బండ్లకు మాత్రం కుదరదు.

సైడ్ స్టాండు మీద వాల్చి కట్టడం ఎందుకు తప్పో కూడా ఇప్పుడు సులువుగా తెలుస్తుంది. పట్టీ లాగే బలమంతా ఒక సన్నని ఇనుప కాలు మీద, దాన్ని చాసిస్‌కు అంటించిన చిన్న అతుకు మీద పడుతుంది. గతుకులో చాసిస్ కిందికి దిగినప్పుడల్లా ఆ కాలు నేలకు గుద్దుకుని బండిని ఎదురువైపు తోస్తుంది. సెంటర్ స్టాండుది ఇంకో కథ: ఒక చక్రం గాల్లో, మొత్తం బరువు రెండు ఇనుప పాదాల మీద, బ్రేకు పడగానే స్టాండు వెనక్కి ముడుచుకునే వీలు. రెండు టైర్లూ నేల మీద, స్టాండు మడిచి, బండి నిటారుగా ఉండాలి.

పట్టీ ఎక్కడ తగిలించాలి, ఎటు లాగాలి

చేతికి అందేది హ్యాండిల్ కాబట్టి అందరూ దానికే కడతారు. హ్యాండిల్ రెండు బిగింపుల మధ్య తిరగగల గొట్టం. కిందికి లాగితే మెల్లగా తిరిగి పట్టీని వదులు చేస్తుంది. కొన్ని బండ్లలో దాని కింద రబ్బరు ఉంటుంది, అదీ సాగుతుంది. గ్రిప్పుల చివర తగిలించే పట్టీలు యాక్సిలరేటర్ కేబుల్‌నూ బ్రేకు గొట్టాన్నీ నలుపుతాయి. ఫోర్క్ గొట్టాలు రెండింటినీ కలిపి పట్టుకునే రెండు బిగింపుల్లో కిందిది ఉంటుంది చూడండి, అదే ఈ బండిలో కట్టడానికి అన్నిటికన్నా నమ్మకమైన చోటు. ఇనుప కొక్కెం నేరుగా తగిలించకుండా ఒక మెత్తటి పట్టీ ఉచ్చును అక్కడ చుట్టి, దానికి కొక్కెం తగిలిస్తే రంగు పోదు, పట్టు జారదు. ఉచ్చు వైర్లనూ బ్రేకు గొట్టాన్నీ నొక్కకుండా వాటి వెనక నుంచి దూర్చాలి. బిగించాక హ్యాండిల్‌ను కాస్త కదిపి చూస్తే ఏదైనా నలుగుతోందా అన్నది తెలిసిపోతుంది.

వెనక వైపు చాసిస్‌కు గట్టిగా అతికిన చోట్లే ఎంచుకోవాలి: వెనక కూర్చునేవారి ఫుట్‌రెస్టు బ్రాకెట్లు, సీటు కింది చట్రం, కొన్ని బండ్లలో వెనక చక్రాన్ని పట్టుకునే స్వింగ్ ఆర్మ్. మడిచే ఫుట్‌రెస్టు కొస, సైలెన్సర్, ఇండికేటర్, ప్లాస్టిక్ హ్యాండ్‌రెయిల్ పనికిరావు. సైలెన్సర్ వేడిగా ఉండగా పట్టీ దానికి తాకితే పాలియెస్టర్ కరుగుతుంది. ఇది చాలామందికి గమ్యం చేరాకే కనిపించే నష్టం.

దిశ విషయంలో ఒక పాత వాదం ఉంది. ముందు పట్టీలు ముందుకు లాగాలన్న దగ్గర పేచీ లేదు. చక్రం స్టాండులోనో ముందు గోడకో ఆని ఉండాలంటే అదే పద్ధతి. వెనక పట్టీల దగ్గర అభిప్రాయాలు చీలతాయి. కొందరు వాటిని కూడా ముందుకే లాగి బండి మొత్తాన్ని స్టాండులోకి నొక్కుతారు. మరికొందరు వెనక్కి లాగుతారు. నాకు రెండో పక్షమే సరైనదిగా తోస్తుంది, కారణం బ్రేకు. లారీ ఆగినప్పుడు 144 కిలోల తోపు బండిని ముందుకు తోస్తుంది, ముందు చక్రాన్ని గోడ ఆపుతుంది. ఫోర్క్ వెనక్కి వాలి ఉంటుంది కాబట్టి ఆ తోపులో కొంత ఫోర్క్‌ను అణచడానికే పోతుంది. ఫోర్క్ అణగగానే ముందు పట్టీలు వదులు. అన్ని పట్టీలూ ముందుకే లాగుతుంటే ఆ క్షణంలో బండిని వెనక నుంచి పట్టుకునేది ఏదీ ఉండదు. వెనక పట్టీలు వెనక్కి, బయటికి, కిందికి లాగుతుంటే ఆ తోపులో సింహభాగం అవే తీసుకుంటాయి. ముందు గోడ లేని చదును ట్రైలర్ మీదైతే ఇందులో వాదానికే తావు లేదు.

పట్టీ ఎంత గట్టిదైనా దాని కొస తగిలించిన రింగు అంతకంటే బలహీనమైతే మొత్తం ఏర్పాటు ఆ రింగు బలమే. ప్లైవుడ్ నేలలో మరలతో బిగించిన రింగు మొదటి గట్టి కుదుపుకే ఊడి రావచ్చు. బోల్టు నేల గుండా కిందికి వెళ్లి, అడుగున వెడల్పాటి ఇనుప పలకతో బిగించి ఉండాలి, లేదా వాహనపు ఇనుప చట్రానికే కట్టాలి.

పట్టీ, తాడు, రాచెట్

నైలాన్ తాడు సాగుతుంది, తడిస్తే ఇంకా సాగుతుంది, కొంత బలం కూడా కోల్పోతుంది. జనపనార వంటి సహజ నార తాళ్లు తడిసినప్పుడు కుంచించుకుని, ఆరాక వదులవుతాయి. వాన వెలిశాక బండి ఎందుకు ఊగుతోందో దీన్నిబట్టి తెలుసుకోవచ్చు. ముడి వేసిన చోట ఏ తాడైనా తన బలంలో పెద్ద భాగాన్ని, కొన్ని ముడుల దగ్గర దాదాపు సగాన్ని పోగొట్టుకుంటుంది. సాగే రబ్బరు తాళ్లు హెల్మెట్టు కట్టుకోవడానికి బాగుంటాయి, బండికి వద్దు. పాలియెస్టర్ నేత పట్టీలు ఈ పనికి అన్నిటికన్నా సరిపోతాయి: తక్కువ సాగుతాయి, నీరు పీల్చవు. ఎండలో ఏళ్ల తరబడి పడి ఉన్న పట్టీ రంగు వెలిసి, నేత గరుకెక్కితే దాన్ని సామాన్లు కట్టుకోవడానికి దించేయండి.

రాచెట్ మంచిదా, నొక్కి లాగే బకుల్ మంచిదా? రాచెట్‌తో చిన్న పిల్లవాడు కూడా ఫోర్క్‌ను అడుగుకు చేర్చగలడు, అదే దాని ప్రమాదం. బకుల్ పట్టీలో మన చేతి బలానికి మించి బిగువు రాదు. కానీ పట్టీకి బురద పట్టినా తడిసినా పళ్ల మధ్య కొద్దికొద్దిగా జారవచ్చు. భారీ బండికి రాచెట్, తేలిక బండికి ముందు వైపు బకుల్ అన్నది నా లెక్క. రాచెట్ ఇరుసు మీద పట్టీ కనీసం ఒకటిన్నర చుట్లు పడాలి, లేకపోతే పట్టు చాలదు. మరీ ఎక్కువ చుట్లు పడితే అది ఇరుక్కుని, విప్పేటప్పుడు ఏడిపిస్తుంది. తెరచి ఉన్న ట్రైలర్‌లో పట్టీని ఒక్క మెలి తిప్పి కడితే గాలికి గిజగిజలాడదు. మిగిలిన కొసను చుట్టి కట్టేయాలి. కొక్కేలకు నాలుక ఉన్నవే తీసుకోండి. ఈ వ్యాసంలో ఒక్క ఖర్చును సమర్థించాల్సి వస్తే దాన్నే సమర్థిస్తాను.

కట్టే క్రమం ఇలా ఉంటే చేతులు తికమక పడవు. బండి సైడ్ స్టాండు మీద ఎడమకు వాలి ఉంటుంది. ముందు ఎడమ పట్టీని చేతితో లాగినంత మాత్రం బిగించి, తర్వాత కుడి పట్టీని లాగితే బండి నిటారుగా లేస్తూ ఎడమ పట్టీని కూడా బిగిస్తుంది. స్టాండు మడిచి, ఆపైన రెండు వైపులా కొంచెం కొంచెం మార్చి మార్చి బిగించాలి. ముందు పూర్తయ్యాకే వెనక. చివర హ్యాండిల్ పట్టుకుని గట్టిగా ఊపితే బండితో పాటు లారీ ఊగాలి.

ఎక్కించేటప్పుడు

నిజం చెప్పాలంటే దారిలో కన్నా ర్యాంపు మీదే ఎక్కువ భయపడాలి. 75 సెంటీమీటర్ల ఎత్తున్న వాహనానికి 2.4 మీటర్ల పలక వేస్తే వాలు 18 డిగ్రీలు. 180 కిలోల బండి దాని మీద దాదాపు 56 కిలోల బలంతో వెనక్కి జారుతుంది. పలక పొడవు తగ్గితే ఆ బలం పెరగడమే కాదు, పైకి చేరే చోట బండి పొట్ట పలక అంచుకు ఆనుకుని రెండు చక్రాలూ తేలిపోవచ్చు. ఇంజను బలంతో ఎక్కిస్తే వెనక చక్రం పలకను వెనక్కి తంతుంది, కాబట్టి పలకను వాహనానికి పట్టీతో కట్టకుండా ఎక్కించకూడదు. బండి మీద కూర్చుని ఎక్కించే సాహసం వద్దు: సగం దారిలో ఆగిపోతే కాలు ఆనించడానికి కింద నేల ఉండదు. పక్కన నడవడానికి మరో పలక, మొదటి గేరులో క్లచ్‌తో మెల్లగా, వెనక నుంచి నెట్టడానికి ఒక మనిషి. దించేటప్పుడు ఒక చిన్న కిటుకు ఉంది. వెనక్కి దిగే బండి బరువు కింది చక్రమైన వెనక చక్రం మీద పడుతుంది, పైనున్న ముందు చక్రం తేలికై, ముందు బ్రేకు వేసినా జారుతుంది. ఇంజను ఆపి, గేరులో ఉంచి, క్లచ్‌నే వెనక బ్రేకులా వాడుకోవడం మేలు.

ప్రయాణంలో గేరులో ఉంచాలా, న్యూట్రల్‌లోనా అని అడుగుతారు. ఎలా ఉంచినా పట్టీలు చేయాల్సిన పని గేరు చేయదు. గేరులో ఉంచితే అదనపు జాగ్రత్త, అంతే. పెట్రోలు కాక్ ఉన్న పాత బండ్లకు దాన్ని మూసేయాలి, లేకపోతే కుదుపులకు కార్బురేటర్ పొంగుతుంది. మూసి ఉన్న వాహనంలో పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువైనది కాబట్టి నేల దగ్గరే చేరుతుంది. గాలి ఆడే ఏర్పాటు ఉండాలి, ట్యాంకు నిండుగా ఉండకూడదు. బండిని పక్కకు పడుకోబెట్టి తీసుకెళ్లడం చివరి గత్యంతరం: ఇంజను నూనె సిలిండర్లోకీ ఎయిర్ ఫిల్టర్‌లోకీ చేరుతుంది, మామూలు సీసపు బ్యాటరీ నుంచి ఆమ్లం కారవచ్చు.

స్కూటర్లు వేరే తలనొప్పి. ఫోర్క్ బిగింపు ప్లాస్టిక్ ముసుగుల లోపల ఉంటుంది, చాలావాటిలో ఇంజను వెనక చక్రంతో కలిసే ఊగుతుంది. కాళ్లు పెట్టే పలక కింది చట్రానికి పట్టీ వేసి, వెనక సామాన్ల చట్రానికి రెండు పట్టీలు, రెండు చక్రాలకూ దిమ్మెలు పెడితే చాలావరకు నిలబడుతుంది. గేర్లు లేని వాటినీ విద్యుత్ బండ్లలో చాలావాటినీ ఆపినా చక్రాలు స్వేచ్ఛగా దొర్లుతాయి కాబట్టి ఈ దిమ్మెలు తప్పనిసరి.

ట్రైలర్ అయితే బండి ఎక్కడ నిలబెట్టాలన్నది కూడా లెక్కే. కారు వెనక తగిలించే ట్రైలర్లలో మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం కారుకు తగిలించే కొక్కెం మీద పడాలన్నది వాడుకలో ఉన్న సూత్రం. బండిని ట్రైలర్ ఇరుసు వెనక్కి జరిపితే కొక్కెం తేలికై, వేగం పెరిగే కొద్దీ ట్రైలర్ అటూ ఇటూ ఊగడం మొదలవుతుంది. ఆ ఊపు ఒకసారి పట్టుకుంటే పట్టీలు ఎంత బిగువుగా ఉన్నా లాభం లేదు.

బయలుదేరాక మొదటి 15, 20 కిలోమీటర్లకే ఒకసారి ఆగి పట్టీలు చూడాలి. ఉచ్చులు సర్దుకుంటాయి, ముడులు కూర్చుంటాయి, టైరు స్టాండులోకి ఇంకాస్త దిగుతుంది. పోవాల్సిన బిగువులో ఎక్కువ భాగం ఈ మొదటి విడతలోనే పోతుంది. అమెరికాలో సరుకు వాహనాల డ్రైవర్లు మొదటి 50 మైళ్ల లోపు, అంటే 80 కిలోమీటర్ల లోపు, ఆ తర్వాత ప్రతి 150 మైళ్లకు లేదా మూడు గంటలకు కట్లు సరిచూడాలని నిబంధనే ఉంది. చేత్తో తట్టి చూస్తే నాలుగు పట్టీలూ ఒకేలా బిగుసుకుని ఉన్నాయో లేదో చేతికే తెలుస్తుంది.

గమ్యం చేరాక విప్పే క్రమం ఒకటుంది. వెనక పట్టీలు ముందు తీయాలి. అణగి ఉన్న ఫోర్క్ వల్ల చాసిస్ కిందికి దిగి ఉంటుంది, సైడ్ స్టాండు నేలకు తగిలి పూర్తిగా తెరుచుకోదు. అందుకే ముందు పట్టీలను రెండు వైపులా కొద్దిగా వదులు చేసి, ఆ తర్వాత స్టాండు దించాలి. ఇక కుడి పట్టీని ముందు వదలాలి. ఎడమది ముందు వదిలితే కుడి పట్టీలో మిగిలిన బిగువు బండిని స్టాండు లేని వైపుకు లాగేస్తుంది. రాచెట్ విడిచినప్పుడు బిగువు ఒక్కసారిగా తెగుతుంది, కాబట్టి అప్పుడు ఒకరు బండిని పట్టుకుని ఉండాలి. ఎడమ పట్టీ ఆఖరున.